పార్శిళ్ల పంపకంలో సమన్యాయమేదీ?

* సంఖ్యలో సమానం.. శ్రమలో అసమానం
* దూరపు దారులు కొందరికే పరిమితం
* కొలమానం మారితేనే పరిష్కారం

అమలాపురం: ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు గడప వద్దకు వచ్చి చేరితే కొనుగోలుదారు సంతోషిస్తాడు. దానిని మోసుకొచ్చిన యువకుడు ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగాడో, ఎన్ని గంటలు పనిచేశాడో, చివరకు చేతికి ఎంత దక్కిందో అడిగేవారు ఉండరు. ఒకే హబ్‌లో, ఒకే రేటుకు పనిచేసే ఇద్దరిలో ఒకరు మధ్యాహ్నానికే పని ముగించుకుంటుండగా మరొకరు చీకటి పడేదాకా తిరుగుతున్నారు. ఎక్కువ గంటలు తిరిగినవారికే తక్కువ సొమ్ము దక్కడం ఈ వ్యవస్థలోని విచిత్రం. దీనికి కారణం కష్టపడే గుణంలో తేడా కాదు, పనిని పంచే పద్ధతిలోని లోపం. నదీపాయలు, లంకలు, ఇరుకు గట్టు దారులు నిండిన కోనసీమ వంటి ప్రాంతాలలో ఈ లోపం మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

తెల్లవారుజామునే మొదలు

పార్శిళ్ల ప్రయాణంలో మూడు దశలున్నాయి. మొదటిది గోదాము నుంచి పెద్ద నగరంలోని సార్టింగ్ కేంద్రానికి చేరడం. రెండవది అక్కడి నుంచి రాత్రి వేళ లారీలలో జిల్లా పట్టణాల హబ్‌లకు రావడం. మూడవది హబ్ నుంచి ఇంటి గడపకు చేరడం. దూరం లెక్కన చూస్తే మూడవ దశ చిన్నదే. కాని ఖర్చు, శ్రమ, చికాకులు అధికంగా ఉండేది ఇక్కడే. లారీలో వేల పార్శిళ్లు ఒకేసారి కదులుతాయి. ఇంటికి మాత్రం ఒక్కొక్కటిగానే చేరాలి.

లారీ రాగానే హబ్‌లో హడావుడి మొదలవుతుంది. పార్శిళ్లను దించడం, స్కాన్ చేయడం, దారుల వారీగా కుప్పలు పోయడం వరుసగా సాగుతాయి. అనంతరం ఎవరి కుప్పను వారు సంచిలో సర్దుకుని, ఫోన్‌లోని యాప్‌లో జాబితా సరిచూసుకుని బయలుదేరుతారు. సార్టింగుకు ప్రత్యేక సిబ్బంది లేని చోట ఈ పని సైతం డెలివరీ బాయ్‌ల మీదే పడుతుంది. పార్శిలుకు ఇంత అని చెల్లించే విధానంలో ఈ గంట, గంటన్నర సమయానికి విడిగా ప్రతిఫలం ఉండదు. ఇచ్చే సొమ్ము గడప వద్ద అప్పగించిన పార్శిలుకే.

సాయంత్రం తిరిగి వచ్చాక మరో విడత పని ఉంటుంది. క్యాష్ ఆన్ డెలివరీ కింద వసూలైన నగదును లెక్క కట్టి జమ చేయాలి. ఇళ్ల వద్ద తీసుకున్న రిటర్న్ వస్తువులను అప్పగించాలి. అందజేయలేకపోయిన పార్శిళ్లకు కారణం నమోదు చేయాలి. నగదులో తేడా వస్తే దానిని పూడ్చవలసిన బాధ్యత సాధారణంగా తెచ్చినవారిపైనే పడుతుంది.

పిన్‌కోడ్ ఒక్కటే.. దారులు వేరు

పనిని పంచేందుకు మొదటి ఆధారం పిన్‌కోడ్. తపాలా ఉత్తరాల సార్టింగు సులభం కావాలన్న ఉద్దేశంతో 1972 ఆగస్టు 15న ఈ ఆరంకెల విధానం అమలులోకి వచ్చింది. దీని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్. మొదటి అంకె మండలాన్ని, మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లాను, చివరి మూడంకెలు పంపిణీ చేసే తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక పిన్‌కోడ్‌లు 5తో మొదలవుతాయి. అమలాపురం పిన్‌కోడ్ 533201.

ఉత్తరాల కోసం రూపొందిన ఈ హద్దులనే నేటి పార్శిల్ వ్యాపారం అరువు తెచ్చుకున్నది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. పిన్‌కోడ్ ఎక్కడికి చేరవేయాలో చెబుతుంది గాని చేరడానికి ఎంత సమయం పడుతుందో చెప్పదు. ఒక పిన్‌కోడ్ పరిధిలో పట్టణంలోని నాలుగు వీధులుండవచ్చు. మరొక పిన్‌కోడ్ పరిధిలో పదుల సంఖ్యలో గ్రామాలు, శివారు పాలేలు, పుంతదారులు ఉండవచ్చు. యాప్‌లో మాత్రం రెండింటిలోని పార్శిలూ ఒక్కటిగానే లెక్కకు వస్తుంది.

గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల మధ్య విస్తరించిన కోనసీమలో పటంలో కనిపించే దూరానికీ, తిరగవలసిన దూరానికీ పొంతన ఉండదు. ఆవలి ఒడ్డున కనిపించే ఊరికి వెళ్లాలంటే వంతెన ఉన్న చోటికి చుట్టూ తిరిగి పోవాలి. లేదా రేవులో పంటు కోసం వేచి ఉండాలి. సఖినేటిపల్లి - నరసాపురం, కోటిపల్లి - ముక్తేశ్వరం రేవుల పేర్లు ఈ ప్రాంతవాసులకు కొత్త కాదు. గోదావరికి వరద వచ్చిందంటే కాజ్‌వేలు మునిగి లంకలకు రాకపోకలు ఆగిపోతాయి. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకవాసులు పడిన అవస్థలు తెలిసినవే. ఆర్డరు తీసుకునే యాప్‌కు, గడువు నిర్ణయించే కంప్యూటరుకు ఈ నదీపాయలతో నిమిత్తం లేదు.

లెక్క వేసి చూస్తే..

అసమానత ఎంత లోతైనదో తెలియాలంటే రెండు దారులను ఊహించి లెక్క వేయాలి. ఇవి ఏ ఒక్క సంస్థకూ చెందిన అంకెలు కావు. పద్ధతిని వివరించేందుకు తీసుకున్న ఉదాహరణలు మాత్రమే.

మొదటిది పట్టణ దారి. 70 పార్శిళ్లు, 15 కిలోమీటర్ల తిరుగుడు. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి గనుక ఒక్కో పార్శిలుకు 3 నిమిషాల చొప్పున మూడున్నర గంటలు, ప్రయాణానికి గంట, సార్టింగుకు గంటన్నర కలిపి మొత్తం 6 గంటలు. పార్శిలుకు 15 రూపాయల చొప్పున 1,050 రూపాయలు వస్తుంది. బైకు లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనుకుని, పెట్రోలు ధరను లెక్క సౌలభ్యం కోసం 110 రూపాయలుగా తీసుకుంటే ఇంధన ఖర్చు సుమారు 37 రూపాయలు. మిగిలేది 1,013 రూపాయలు. గంటకు సుమారు 169 రూపాయలు.

రెండవది లంక గ్రామాల దారి. 45 పార్శిళ్లు, 75 కిలోమీటర్లు. ఇల్లు వెతుక్కోవడం, ఫోన్ చేసి పిలవడం వంటివాటితో ఒక్కోదానికి 4 నిమిషాల చొప్పున 3 గంటలు. గట్ల మీది ప్రయాణానికి 3 గంటలు. రేవు వద్ద నిరీక్షణ గంట. సార్టింగు గంటన్నర. మొత్తం ఎనిమిదిన్నర గంటలు. అదే రేటున వచ్చేది 675 రూపాయలు. ఇంధనానికి 183 రూపాయలు, పంటు చార్జీలకు 40 రూపాయలు పోగా మిగిలేది 452 రూపాయలు. గంటకు 53 రూపాయలు మాత్రమే.

అంటే పట్టణ దారిలో తిరిగిన వ్యక్తికి గంటకు దక్కినదానిలో మూడో వంతు కూడా లంక దారిలో తిరిగిన వ్యక్తికి దక్కలేదు. ఆ 45లో 10 పార్శిళ్లు తాళం వేసిన ఇళ్ల వల్లనో, ఫోన్ ఎత్తకపోవడం వల్లనో వెనక్కి వచ్చాయనుకుంటే పరిస్థితి మరింత దిగజారుతుంది. తిరిగిన దూరం అంతే, కాలిన పెట్రోలు అంతే. ఆదాయం 525కు తగ్గి, ఖర్చులు పోగా మిగిలేది 302 రూపాయలు. గంటకు 35 రూపాయలు. బైకు టైర్లు, బ్రేకులు, ఆయిల్ మార్పిడి ఖర్చులను ఈ లెక్కలో కలపనేలేదు.

ఇదే లెక్కను పైనుంచి చూసేవారికి చిత్రం తలకిందులుగా కనిపిస్తుంది. 70 పార్శిళ్లు అందజేసినవాడు చురుకైనవాడిగా, 35తో సరిపెట్టినవాడు మందకొడిగా నమోదవుతాడు. నివేదికలో దారికి చోటు లేనందున దారి చేసిన నష్టం మనిషి ఖాతాలో పడుతుంది.

అసమానతకు మూలాలు

ఒకే హబ్‌లో కొందరికి మంచి దారులు, కొందరికి కష్టమైన దారులు రావడం వెనుక పలు కారణాలున్నాయి. మొదటిది సీనియారిటీ. ముందుగా చేరినవారు తమకు అలవాటైన వీధులను వదులుకోరు. ఊరు తెలిసినవారికి ఆ ఊరే ఇస్తే పని వేగంగా సాగుతుందన్న వాదనలో కొంత సబబు లేకపోలేదు. అయితే దాని ఫలితంగా కొత్తగా చేరినవారి వంతుకు మిగిలేవి దూరపు దారులే. అనుభవం లేనివారికి కష్టమైన పని, అనుభవజ్ఞులకు సులువైన పని దక్కుతుంది.

రెండవది హబ్ ఇన్‌ఛార్జి విచక్షణ. ఉదయం కుప్పలు పోసేవేళ ఏ సంచి ఎవరికన్నది చాలాచోట్ల ఆయన నోటి మాట మీదనే నిర్ణయమవుతుంది. రాతపూర్వక నియమం లేని చోట పరిచయాలు, బంధుత్వాలు, అలకలు పనిచేస్తాయి. ఇన్‌ఛార్జి నిష్పక్షపాతంగా వ్యవహరించినా దానిని నిరూపించుకునేందుకు ఆయన వద్ద ఆధారం ఉండదు. నమోదు లేని పద్ధతి వల్ల కార్మికుడికీ రక్షణ లేదు, ఇన్‌ఛార్జికీ రక్షణ లేదు.

మూడవది వస్తువుల స్వభావం. చేతి గడియారమూ పార్శిలే, బియ్యం బస్తా అంత బరువున్న మిక్సర్ గ్రైండరు పెట్టె కూడా పార్శిలే. పెద్ద పెట్టెలు రెండు ఉంటే బైకు మీద చిన్నవాటికి చోటుండదు. అటువంటప్పుడు హబ్‌కు రెండోసారి రావాలి. ఓటీపీ చెప్పించుకుని ఇవ్వవలసినవి, పెట్టె విప్పి చూపించవలసినవి, పాత వస్తువు మార్పిడితో కూడినవి మామూలు పార్శిలు కంటే ఎంతో ఎక్కువ సమయం తీసుకుంటాయి. గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఆర్డరు చేయగా ఇక్కడి వృద్ధ తల్లిదండ్రులు తీసుకునే పార్శిళ్ల విషయంలో ఓటీపీ విదేశంలోని ఫోన్‌కు వెళ్లడం, అది ఇక్కడికి చేరేదాకా గుమ్మం ముందు నిలబడవలసి రావడం అదనపు జాప్యానికి కారణమవుతుంది.

నాలుగవది పండుగల రద్దీ. దసరా, దీపావళి అమ్మకాల వేళ, సంక్రాంతికి ముందు పార్శిళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. తాత్కాలికంగా చేర్చుకున్నవారికి ఊళ్లు తెలియవు. వారు మిగిల్చినవి మరునాడు పాతవారి సంచిలో చేరతాయి.

వేగమే శాపమైన వేళ

ఇందుకు పూర్తిగా భిన్నమైన అన్యాయం మరొకటి ఉన్నది. త్వరగా పని ముగించినవారికి మరికొంత పని అంటగట్టడం. నెలజీతం మీద పనిచేసేవారికి ఈ బాధ ఎక్కువ. సాయంత్రం నాలుగింటికి సంచి ఖాళీ చేసుకున్న వ్యక్తిని వెనకబడిన సహచరుడి పార్శిళ్లు తెచ్చుకోమంటారు. మరునాడు అతని జాబితాలో సంఖ్య పెరుగుతుంది. జీతం మాత్రం పెరగదు. అమెరికాలోని డెలివరీ డ్రైవర్ల మధ్య సైతం ఇదే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. అక్కడ ఇటువంటి ఆదుకోలును 'రెస్క్యూ' అని వ్యవహరిస్తారు.

దీని పర్యవసానం ఊహించదగినదే. చురుకైనవారు కావాలనే నెమ్మదిస్తారు. భోజన విరామం మానుకుని, హెల్మెట్ పక్కనబెట్టి, వేగంగా బండి నడిపి పని ముగించేవారిని ఆధారంగా చేసుకుని అందరి లక్ష్యాలూ నిర్ణయమైతే జాగ్రత్తగా నడిపేవారు వెనకబడినవారిగా మిగిలిపోతారు. పని పంపకంలోని అసమానత చివరకు రోడ్డు భద్రతకు సంబంధించిన ప్రశ్నగా మారుతుంది. రాత్రివేళ దీపాలు లేని ఏటిగట్ల మీద, వెనుక సంచి బరువుతో, తొందరలో సాగే బైకు ప్రయాణం ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు.

తపాలా శాఖలో కొలత వేరు

గ్రామాలకు ఉత్తరాలు, మనియార్డర్లు, పార్శిళ్లు చేరవేయడం కొత్త పని కాదు. తపాలా శాఖ తరతరాలుగా చేస్తున్నదే. అక్కడ గ్రామీణ డాక్ సేవకుల పనిని వస్తువుల సంఖ్యతో మాత్రమే కాక సమయంతో కొలిచే పద్ధతి ఉన్నది. తిరగవలసిన దూరం, అందజేసే వస్తువులు, ఇతర లావాదేవీలు అన్నింటినీ గంటలు, నిమిషాలలోకి మార్చి పనిభారాన్ని నిర్ణయిస్తారు. కమలేశ్ చంద్ర కమిటీ సిఫార్సుల దరిమిలా 2018 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన విధానంలో నాలుగు గంటలు, ఐదు గంటల పేరిట రెండు స్థాయిలు ఏర్పడ్డాయి. ఆనాటి ఉత్తర్వుల ప్రకారం బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు ప్రారంభ భృతి 12,000, 14,500 రూపాయలుగా, సహాయ బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్లు, డాక్ సేవకులకు 10,000, 12,000 రూపాయలుగా నిర్ణయమైనది. దీనిపై కరవు భత్యం అదనం.

ఈ విధానంలో లోటుపాట్లు లేవని కాదు. నిర్ణయించిన గంటల కంటే ఎక్కువే పనిచేయవలసి వస్తున్నదని డాక్ సేవకుల సంఘాలు ఆందోళనలు చేస్తూనే ఉన్నాయి. అయినా ఒక మౌలిక భేదం గమనించదగినది. కొలత అంటూ ఒకటి రాతలో ఉన్నది గనుక అది తప్పని వాదించే అవకాశం వారికి ఉన్నది. ప్రైవేటు హబ్‌లలో దూరానికి కొలతే లేని చోట వాదనకు ఆధారమే లేదు.

ఇతర దేశాల అనుభవం

దక్షిణ కొరియాలో 2020లో కరోనా కాలపు రద్దీ వేళ పలువురు డెలివరీ కార్మికులు అధిక శ్రమతో మరణించడం దేశవ్యాప్తంగా కలకలం రేపినది. పార్శిలు లెక్కన సొమ్ము అందుకునే ఆ కార్మికులు ప్రతిరోజూ ఉదయం గంటల తరబడి ఉచితంగా సార్టింగ్ పని చేయవలసి రావడం ప్రధాన కారణంగా వెల్లడైనది. కార్మిక సంఘాలు, సంస్థలు, ప్రభుత్వం కలిసి 2021లో ఒప్పందాలకు వచ్చాయి. 2022 నుంచి సార్టింగ్ పనిని డెలివరీ కార్మికుల నుంచి తప్పించాలని, పని వేళలు వారానికి 60 గంటలు మించరాదని నిర్ణయించారు. జీతం లేని గంటన్నర పని చిన్న విషయంగా కనిపించినా ప్రాణాల మీదికి తేగలదని ఆ ఉదంతం చాటినది.

అమెరికాలో యూపీఎస్ సంస్థ డ్రైవర్లకు టీమ్‌స్టర్స్ యూనియన్ కుదిర్చిన ఒప్పందంలో మరో మార్గం కనిపిస్తుంది. రోజుకు తొమ్మిదిన్నర గంటలకు మించిన భారం వద్దనుకునే డ్రైవర్లు తమ పేరు ఒక జాబితాలో నమోదు చేయించుకోవచ్చు. ఆ తర్వాత వారంలో మూడు రోజులు ఆ పరిమితి దాటితే ఫిర్యాదు చేసి అదనపు పరిహారం కోరవచ్చు. సుమారు 3 లక్షల 40 వేల మందికి వర్తించే నూతన ఒప్పందానికి 2023 ఆగస్టులో కార్మికులు ఆమోదం తెలిపారు. అధిక భారం మోపితే సంస్థకు ఖర్చు పెరిగేలా చేయడం ఈ నిబంధనలోని కీలకాంశం.

చట్టం చెబుతున్నదేమిటి?

నీతి ఆయోగ్ 2022 జూన్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షల మంది. 2029-30 నాటికి వీరి సంఖ్య 2.35 కోట్లకు చేరగలదని అంచనా. వీరిని మొదటిసారిగా కేంద్ర చట్టంలో పేర్కొన్నది సామాజిక భద్రత కోడ్-2020. ఇది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. దీని ప్రకారం అగ్రిగేటర్ సంస్థలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వరకు కార్మికుల సంక్షేమ నిధికి జమ చేయాలి. అయితే ఆ మొత్తం కార్మికులకు చెల్లించే సొమ్ములో 5 శాతం మించనవసరం లేదు. ప్రమాద బీమా, ఆరోగ్యం, వృద్ధాప్య రక్షణ వంటివి ఈ నిధి ఉద్దేశాలు.

రాష్ట్రాలలో రాజస్థాన్ 2023లో మొదటి చట్టం చేసినది. కర్ణాటక 2025లో చేసిన చట్టం కార్మికులపై ప్రభావం చూపే కంప్యూటర్ నిర్ణయాల తీరును వారికి తెలియపరచాలన్న అంశానికి చోటు కల్పించినది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించి, 2025 ఏప్రిల్‌లో ప్రత్యేక బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసినది.

వీటిలో అత్యధికం ప్రమాదం జరిగిన తర్వాత ఆదుకునే ఏర్పాట్లు. ఉదయాన్నే ఏ సంచి ఎవరికివ్వాలన్న ప్రశ్నకు కేంద్ర కోడ్‌లో సమాధానం లేదు. పైగా జిల్లా హబ్‌లలో పనిచేసే వారందరూ ఒకే కోవకు చెందరు. కొందరు కాంట్రాక్టరు వద్ద నెలజీతంపై ఉంటారు. వీరికి భవిష్య నిధి, నిర్ణీత వేతన పరిమితికి లోబడి ఈఎస్ఐ వంటివి వర్తిస్తాయి. కొందరు ఫ్రాంచైజీ తీసుకున్న వ్యక్తి కింద పనిచేస్తారు. మరికొందరు పార్శిలు లెక్కన యాప్ ద్వారా నేరుగా సొమ్ము అందుకుంటారు. పని ఒక్కటే అయినా హక్కులు మూడు రకాలుగా ఉంటాయి. తాను ఏ కోవకు చెందినదీ తెలుసుకోవడం ప్రతి కార్మికునికీ మొదటి అవసరం.

సమంగా పంచడం ఎలా?

పైన చెప్పిన రెండు దారుల ఉదాహరణనే తిరిగి పరిశీలిస్తే పరిష్కారం అంత కష్టమేమీ కాదని తేలుతుంది. పార్శిలుకు 15 రూపాయలకు బదులు 12 రూపాయలు, దానికి తోడు కిలోమీటరుకు 5 రూపాయలు ఇస్తే పట్టణ దారికి 840, 75 కలిపి 915 రూపాయలు. లంక దారికి 540, 375 కలిపి 915 రూపాయలు. ఇద్దరికీ సమానం. పాత పద్ధతిలో ఇద్దరికీ కలిపి సంస్థ చెల్లించినది 1,725. కొత్త పద్ధతిలో 1,830. తేడా 105 రూపాయలు. 115 పార్శిళ్ల మీద పంచితే ఒక్కోదానికి రూపాయి కూడా అదనంగా పడదు.

ఈ పద్ధతిలో పట్టణ దారి వ్యక్తి ఆదాయం 135 రూపాయలు తగ్గుతుంది. అతని నుంచి వ్యతిరేకత రావడం సహజం. రేటు తగ్గించకుండా దూరానికి విడిగా చెల్లించడం మేలైన మార్గం గాని సంస్థకు ఖర్చు ఎక్కువ. ఎటు చూసినా ఎవరో ఒకరు భరించక తప్పదు. ఇప్పటివరకు ఆ భారాన్ని దూరపు దారిలో తిరిగేవారు ఒంటరిగా మోస్తున్నారన్నదే అసలు విషయం.

సొమ్ము సమానమైనా గంటలు సమానం కావు. లంక దారికి ఇంకా రెండున్నర గంటలు ఎక్కువే పడుతుంది. ఆ తేడాను పూడ్చేందుకు దారులను వంతుల వారీగా మార్చడం ఉపకరిస్తుంది. ప్రతివారం కాకపోయినా నెలకొకసారి మార్చితే ఊళ్లు తెలిసినవారి సంఖ్య కూడా పెరుగుతుంది. ఒకరు సెలవు పెడితే పని స్తంభించదు. వీటికి తోడు మరికొన్ని చర్యలు అవసరం.

* ఏ దారి ఎవరికి, ఎన్ని పార్శిళ్లు, ఎన్ని కిలోమీటర్లు అన్న వివరాలను హబ్‌లోని బోర్డుపై ప్రతిరోజూ ప్రదర్శించాలి.
* పెద్ద పెట్టెలను, పెట్టె విప్పి చూపవలసిన వస్తువులను రెండు లేదా మూడు పార్శిళ్లుగా లెక్కించాలి.
* కార్మికుని తప్పు లేకుండా వెనక్కి వచ్చిన పార్శిలుకు కొంతైనా చెల్లించాలి.
* సార్టింగ్ సమయానికి విడిగా సొమ్ము ఇవ్వాలి, లేదా ఆ పనికి వేరే సిబ్బందిని నియమించాలి.
* ఇతరుల పార్శిళ్లు అదనంగా తీసుకున్నవారికి ఆ మేరకు అదనపు చెల్లింపు ఉండాలి.
* వరద, తుపాను హెచ్చరికలున్న రోజులలో లంక దారులకు గడువు సడలించాలి.

కార్మికులు గమనించదగినవి

ఫిర్యాదుకు బలం చేకూర్చేది ఆధారమే. ప్రతిరోజూ బయలుదేరినప్పుడు, తిరిగి వచ్చినప్పుడు బైకు మీటరు అంకె, సమయం, పార్శిళ్ల సంఖ్య, వెనక్కి వచ్చినవి ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. యాప్‌లోని జాబితాను ఫోన్‌లో భద్రపరచుకోవాలి. నెల రోజుల లెక్క చేతిలో ఉంటే, ఒకరి గోడుగా కాక హబ్‌లోని అందరి లెక్కగా ఇన్‌ఛార్జి ముందు ఉంచవచ్చు. అక్కడ పరిష్కారం లభించనప్పుడు, ముఖ్యంగా కాంట్రాక్టరు వద్ద జీతంపై ఉన్నవారు, కార్మికశాఖ అధికారులను రాతపూర్వకంగా ఆశ్రయించవచ్చు.

2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడం అవసరం. దీని సహాయ కేంద్రం నంబరు 14434. డెలివరీ కార్మికులు సైతం ఇందులో చేరవచ్చు. వీరికి గుర్తింపు కార్డులు, ఆయుష్మాన్ భారత్ కింద వైద్య సదుపాయం కల్పించనున్నట్లు 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్లలోపు వారు ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరితే ప్రమాదంలో మరణించినా, శాశ్వత సంపూర్ణ వైకల్యం కలిగినా 2 లక్షల రూపాయలు లభిస్తాయి. సొంత అవసరాలకని బీమా చేయించిన బైకును డెలివరీకి వాడితే ప్రమాద క్లెయిముల వేళ చిక్కులు ఎదురుకావచ్చు గనుక పాలసీ షరతులను ముందే చదివి తెలుసుకోవడం మంచిది.

కొనుగోలుదారుల వంతు

ఈ వ్యవహారంలో కొనుగోలుదారుల పాత్ర లేకపోలేదు. చిరునామాలో వీధి పేరు, గుర్తు, పనిచేసే ఫోన్ నంబరు స్పష్టంగా ఇస్తే ఒక్కో ఇంటి వద్ద కొన్ని నిమిషాలు ఆదా అవుతాయి. ఇంట్లో లేనప్పుడు పొరుగువారికి ఇమ్మని ముందుగా చెబితే ఒక పార్శిలు వెనక్కి పోకుండా ఆగుతుంది. నగదు చెల్లించేవారు చిల్లర సిద్ధంగా ఉంచుకోవడం, విదేశాల నుంచి ఆర్డరు చేసేవారు ఇక్కడి కుటుంబసభ్యుల నంబరునే నమోదు చేయడం వంటివి చిన్నవిగా కనిపించినా రోజుకు నలభై, యాభై గడపల మీద లెక్కిస్తే పెద్ద ఊరటే.

అయితే కొనుగోలుదారుల సహకారం అసలు లోపాన్ని సరిదిద్దదు. పార్శిళ్లను లెక్కపెట్టే పద్ధతి నుంచి శ్రమను లెక్కపెట్టే పద్ధతికి హబ్‌లు మారాలి. లంకలోని వృద్ధురాలికి మందుల పెట్టె చేర్చినవానికీ, పట్టణంలోని అపార్ట్‌మెంటులో చెప్పుల పెట్టె అందించినవానికీ దారిని బట్టి ప్రతిఫలం దక్కాలి. అలాగైతేనే దూరపు ఊళ్లకు వెళ్లేందుకు మనుషులు మిగులుతారు. లేనిపక్షంలో ఆ దారులలో పని మానేసేవారు పెరిగి, కొత్తవారు వచ్చి, వారూ వెళ్లిపోయి, చివరకు నష్టపోయేది ఆ ఊళ్ల ప్రజలే.